ఉద్గారం, గ్రహణం: నౌకాదళ ఎలక్ట్రానిక్ విజ్ఞానం

2024 అక్టోబరు 15న వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నౌకాదళ కేంద్రానికి శంకుస్థాపన జరిగినప్పుడు మన పత్రికలు చాలామటుకు దానిని 'రాడార్ స్టేషన్' అని రాశాయి. అది రాడార్ కాదు. అత్యల్ప పౌనఃపున్యం గల రేడియో తరంగాలను వెలువరించి, నీటి అడుగున సంచరించే జలాంతర్గాములకు ఆదేశాలు చేరవేయడానికి ఉద్దేశించిన ప్రసార కేంద్రం. తమిళనాడులోని తిరునెల్వేలి సమీపాన 1990 నుంచి పనిచేస్తున్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత మన దేశంలో ఈ తరహాకు చెందిన రెండవ కేంద్రం ఇది. అక్కడి చెట్ల గురించీ, మూసీ జన్మస్థానం గురించీ స్థానికులు లేవనెత్తిన ప్రశ్నలు విలువైనవే. వాటిని విడిగా చర్చించాలి. అయితే ఏ చర్చకైనా ఆ యంత్రం ఏ జాతిదో, ఏమి చేస్తుందో ముందు తెలిసి ఉండాలి. ఆ వర్గీకరణతోనే ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తున్నాను.

ఒక యుద్ధనౌక విద్యుదయస్కాంత తరంగాలను మూడు ప్రయోజనాలకు వినియోగిస్తుంది. మొదటిది రాడార్: తాను పంపిన తరంగం ఒక వస్తువుపై పడి పరావర్తనం చెంది తిరిగి వచ్చినప్పుడు, ఆ ప్రతితరంగాన్ని గ్రహించి వస్తువు దూరాన్నీ, దిశనూ, వేగాన్నీ నిర్ణయించే సాధనం. ఇక్కడ ప్రసారిణీ గ్రాహకమూ రెండూ మనవే. లక్ష్యం సహకరించనవసరం లేదు. రెండవది సమాచార ప్రసారం: ప్రసారిణి ఒక మిత్రుని వద్ద, గ్రాహకం మరొక మిత్రుని వద్ద ఉండి, ఇద్దరూ ముందే అంగీకరించిన సంకేతపద్ధతిలో సందేశాన్ని ఇచ్చిపుచ్చుకోవడం. మూడవది ఎలక్ట్రానిక్ యుద్ధతంత్రం: ప్రత్యర్థి రాడార్‌తోనూ, ప్రత్యర్థి సందేశాలతోనూ మనం జరిపే వ్యవహారమంతా దీని కిందికి వస్తుంది. ఇందులో మళ్ళీ మూడు శాఖలున్నాయి. ప్రత్యర్థి ఉద్గారాన్ని విని, దాని దిశనూ స్వభావాన్నీ గుర్తించడం ఎలక్ట్రానిక్ గ్రహణం. రొదతో ముంచెత్తి గానీ, బూటకపు ప్రతితరంగాలతో మభ్యపెట్టి గానీ అతని పరికరాన్ని నిరుపయోగం చేయడం ఎలక్ట్రానిక్ ప్రతిచర్య. అదే పని అతడు మనకు చేయబోతే తట్టుకోవడం ఎలక్ట్రానిక్ స్వరక్షణ.

చదువు సౌకర్యం కోసం ఈ ప్రయోజనాలను మూడుగా విభజించినా, ఓడ మీద ఇవి మూడూ ఒకే ఆకాశాన్ని పంచుకుంటాయి. ఒకే ఉక్కు స్తంభానికి కొన్ని మీటర్ల ఎడంలో బిగించిన డజన్ల కొద్దీ ఆంటెన్నాలు వీటన్నిటికీ ఆధారం. ఒకదాని మేలు మరొకదానికి కీడు కావచ్చు. నౌకా ఎలక్ట్రానిక్స్‌లోని ప్రధాన సమస్య ఇదే.

ఇక మూలసూత్రానికి వద్దాం. రేడియో తరంగం కాంతివేగంతో, అంటే మైక్రోసెకనుకు 300 మీటర్ల చొప్పున ప్రయాణిస్తుంది. రాడార్ పంపే క్షణికమైన తరంగం, అంటే స్పందం (పల్స్), వెళ్ళి రావాలి కనుక, ప్రతితరంగం ఆలస్యమైన ప్రతి మైక్రోసెకనుకూ లక్ష్యం 150 మీటర్ల దూరంలో ఉన్నట్లు లెక్క. 200 మైక్రోసెకన్ల తర్వాత ప్రతితరంగం వచ్చిందంటే లక్ష్యం 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. పరావర్తన తరంగంతో వస్తువును పసిగట్టే ఊహ కొత్తది కాదు. క్రిస్టియన్ హుల్స్‌మేయర్ అనే జర్మన్ యువకుడు 1904 మే నెలలో కొలోన్ నగరంలో, రైన్ నది వంతెన వద్ద, ఓడల నుంచి పరావర్తనమైన తరంగాలతో గంట మోగించి చూపాడు. దూరాన్ని కొలిచే శక్తి ఆ పరికరానికి లేదు, కొనేవారూ దొరకలేదు. 1922లో వాషింగ్టన్ సమీపాన పోటోమాక్ నదిపై రేడియో ప్రయోగాలు చేస్తున్న టేలర్, యంగ్ అనే నౌకాదళ పరిశోధకులు, మధ్యలో ఒక ఓడ అడ్డం వచ్చినప్పుడు సంకేతం హెచ్చుతగ్గులవడం గమనించి, ఓడలను పసిగట్టేందుకు దీనిని వాడవచ్చునని పైవారికి రాశారు. ఆ సూచన కూడా వెంటనే ఫలించలేదు. 1930ల రెండవ సగంలో గానీ పెద్ద నౌకాదళాల ఓడలకు రాడార్ అమరలేదు.

రాడార్ సమీకరణంలో పాఠకుడు మనసుకు పట్టించుకోవలసిన అంశం ఒకటుంది. ప్రసారిణి నుంచి బయలుదేరిన శక్తి దూరవర్గానికి విలోమానుపాతంలో పలచబడుతుంది. లక్ష్యాన్ని తాకి తిరుగు ప్రయాణంలో మళ్ళీ దూరవర్గానికి విలోమానుపాతంలో పలచబడుతుంది. రెండు పలచబాట్లనూ గుణిస్తే, మన గ్రాహకానికి చేరే శక్తి దూరం యొక్క నాలుగవ ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి తక్కిన అంశాలు మారకుండా రాడార్ పరిధిని రెట్టింపు చేయాలంటే శక్తిని 16 రెట్లు, మూడింతలు చేయాలంటే 81 రెట్లు పెంచాలి. అవతలి ఓడలో కూర్చుని మన రాడార్‌ను కేవలం వింటున్నవాడి పరిస్థితి వేరు. అతనికి చేరేది ఒకవైపు ప్రయాణం చేసిన తరంగం; అది దూరవర్గానికి మాత్రమే లోబడుతుంది. అందుచేత, అడ్డేమీ లేనప్పుడు, మన రాడార్ అతన్ని చూడగల దూరం కంటే ఎంతో ఎక్కువ దూరం నుంచి అతడు మన రాడార్‌ను వినగలడు. చీకట్లో లాంతరు పట్టుకున్నవాడు దారిన పది గజాలు చూస్తాడు. అతన్ని మాత్రం ఊరవతలి నుంచి చూడవచ్చు.

రెండవ ప్రపంచయుద్ధంలో అట్లాంటిక్ సముద్రంపై జరిగిన పోరాటం ఈ సూత్రానికి విస్తృతమైన ప్రయోగశాల. 1940 ఫిబ్రవరి 21న బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండాల్, బూట్ అనే భౌతికశాస్త్రవేత్తలు తమ కుహర మాగ్నెట్రాన్‌ను తొలిసారి పనిచేయించారు. రాగిదిమ్మెలో తొలిచిన ఆరు కుహరాలలో ఎలక్ట్రాన్ల సుడిగుండం నుంచి సుమారు 10 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల సూక్ష్మతరంగాలు వందల వాట్ల శక్తితో వెలువడ్డాయి. తరంగదైర్ఘ్యం తగ్గితే చిన్న ఆంటెన్నాతోనే సన్నని కిరణపుంజం సాధ్యమవుతుంది. చిన్న ఓడకు అది పెద్ద వరం. 1941లో ఆర్కిస్ అనే బ్రిటిష్ కొర్వెట్‌పై 10 సెంటీమీటర్ల రాడార్‌ను అమర్చి పరీక్షించారు. నీటిపైకి తేలిన జలాంతర్గామి చిన్న గోపురాన్ని కూడా అది రాత్రివేళ పసిగట్టగలిగింది.

జర్మన్లు ఊరుకోలేదు. బ్రిటిష్ విమానాలలోని పాత రాడార్ దాదాపు ఒకటిన్నర మీటర్ల తరంగదైర్ఘ్యంపై పనిచేసేది. దానిని ముందే వినేందుకు 1942లో మెటాక్స్ అనే గ్రాహకాన్ని తమ జలాంతర్గాములకు అమర్చారు. కొన్ని నెలలపాటు విమానం వచ్చేసరికి జలాంతర్గామి మునిగిపోయి ఉండేది. 1943 వసంతంలో 10 సెంటీమీటర్ల రాడార్ విమానాలకెక్కింది. మెటాక్స్‌కు ఆ తరంగాలు వినపడలేదు. ఒక్క 1943 మే నెలలోనే జర్మనీ 41 జలాంతర్గాములను కోల్పోయింది. ఆ నష్టానికంతటికీ రాడార్ ఒక్కటే కారణమనడం అతిశయోక్తి. రహస్యలిపి ఛేదన, దూరగామి విమానాలు, అదనపు రక్షకనౌకలు అన్నీ కలిశాయి. విచిత్రమేమిటంటే, తమ మెటాక్స్ గ్రాహకమే స్వల్పంగా తరంగాలను చిమ్ముతూ తమను పట్టిస్తోందని జర్మన్లు అనుమానించి, ఆ వేసవిలో దాని వాడకాన్ని నిషేధించారు. కారణం తప్పు. కానీ గ్రాహకం కూడా ఉద్గారకం కావచ్చునన్న భయం శాస్త్రరీత్యా నిరాధారం కాదు.

ఆ పోరాటంలో రాడార్ కంటే తక్కువ ప్రచారం పొందినది అధిక పౌనఃపున్య దిశాన్వేషిణి. జర్మన్ జలాంతర్గాములు గుంపుగా వేటాడేవి. గుంపు కూడాలంటే తీరంలోని అధిపతికి వర్తమానం పంపాలి. వర్తమానాన్ని సెకన్లకు కుదిస్తే దిశను పట్టడం ఎవరికీ సాధ్యం కాదని వారి నమ్మకం. చేత్తో ఆంటెన్నా తిప్పి దిశ వెతికే పద్ధతికి ఆ నమ్మకం సరిపోయేది. కానీ రెండు గ్రాహకాల ఉత్పత్తులను ఒకే కాథోడ్ కిరణ నాళికపై గీత రూపంలో చూపే పద్ధతిని బ్రిటిష్ శాస్త్రవేత్త వాట్సన్-వాట్ బృందం 1920లలోనే, మెరుపుల దిశ కొలవడం కోసం రూపొందించింది. వర్తమానం ఎంత క్లుప్తమైనా తెరపై ఒక్క గీత మెరిసేది; రక్షకనౌక ఆ దిశగా పరుగెత్తేది. వాతావరణ పరిశోధన కోసం పుట్టిన పరికరం జలాంతర్గాముల పాలిట ఉరి అయింది.

దిశాన్వేషణలో దోషం ఎంత ఉండవచ్చుననే ప్రశ్నతో మన తెలుగువాని పేరు ముడిపడి ఉంది. దిక్కోణంలో 2 డిగ్రీల పొరపాటు ఉంటే, 100 కిలోమీటర్ల దూరాన లక్ష్యస్థానం మూడున్నర కిలోమీటర్లు పక్కకు జరుగుతుంది. ఈ దోషాన్ని ఎంతవరకు తగ్గించవచ్చు? తెలివైన గణనపద్ధతి కనిపెడితే సున్నాకు తేవచ్చునా? తేలేము. ఉన్న దత్తాంశంలో నిక్షిప్తమైన సమాచార పరిమాణాన్ని బట్టి, పక్షపాతరహితమైన ఏ అంచనాకైనా దాటరాని కనీస దోషసీమ ఒకటుంటుందని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో కలకత్తా గణిత సంఘపు పత్రికలో నిరూపించారు. స్వతంత్రంగా అదే ఫలితానికి వచ్చిన స్వీడన్ గణితజ్ఞుని పేరుతో కలిపి దానిని క్రామర్-రావు సీమ అంటారు. నేడు రాడార్ దూరమాపనమైనా, శత్రు ఉద్గార స్థాననిర్ణయమైనా, కొత్త పద్ధతిని ప్రతిపాదించే ప్రతి ఇంజినీరూ తన ఫలితం ఈ సీమకు ఎంత దగ్గరగా వచ్చిందో చూపవలసిందే. ఓడలూ యుద్ధమూ ఆ పత్రంలో ఎక్కడా లేవు.

సముద్రం ఈ సమీకరణాలకు తన షరతులను కలుపుతుంది. భూమి గోళాకారం కనుక సూక్ష్మతరంగాలు క్షితిజాన్ని ఎంతో దూరం దాటిపోవు. వాతావరణంలో కలిగే సాధారణ వక్రీభవనాన్ని కలుపుకుని, ఆంటెన్నా ఎత్తు వర్గమూలాన్నీ లక్ష్యపు ఎత్తు వర్గమూలాన్నీ కూడి 4.12తో గుణిస్తే, ఎత్తులు మీటర్లలో ఉన్నప్పుడు, క్షితిజదూరం కిలోమీటర్లలో వస్తుంది. 25 మీటర్ల ఎత్తున ఉన్న రాడార్, కెరటాలపై 4 మీటర్ల ఎత్తున దూసుకువచ్చే క్షిపణిని సుమారు 29 కిలోమీటర్ల దూరంలో తొలిసారి చూస్తుంది. సెకనుకు 300 మీటర్ల వేగమైతే నౌకకు మిగిలేది ఒకటిన్నర నిమిషం. ధ్వనివేగానికి మూడు రెట్ల వేగం గల క్షిపణి అయితే అర నిమిషం. ఇంతలో కనుగొని, నిర్ధారించి, తుపాకులూ ప్రతిక్షిపణులూ సిద్ధం చేయాలి. వెచ్చని సముద్రాలపై మరో వింత ఉంది. నీటిని ఆనుకుని తేమగాలి, దానిపై పొడిగాలి పొరలుగా ఏర్పడినప్పుడు తరంగాలు ఆ పొరలో చిక్కుకుని, వంగి, క్షితిజాన్ని దాటి ప్రయాణిస్తాయి. దీనిని తరంగవాహిక అనవచ్చు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బొంబాయి రాడార్‌కు వేసవిలో వెయ్యి మైళ్ళకు పైబడిన దూరంలోని అరేబియా తీరం కనిపించిందని నాటి శాస్త్రగ్రంథాలు నమోదు చేశాయి. అరేబియా సముద్రంలోనూ బంగాళాఖాతంలోనూ తిరిగే నౌకకు ఈ విద్య ఐచ్ఛికం కాదు. శత్రువుకు తాను వినపడే దూరం నేటి గాలిలో ఎంతో, రేపటి గాలిలో ఎంతో లెక్క కట్టుకోవాలి.

క్షిపణి ఎదుట ఎలక్ట్రానిక్ ప్రతిచర్య విలువ రెండు తేదీల మధ్య స్పష్టమైంది. 1967 అక్టోబరు 21న పోర్ట్ సయీద్ సమీపంలో ఈజిప్టు పడవలు ప్రయోగించిన స్టిక్స్ క్షిపణులు ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ ఐలాత్‌ను ముంచాయి. 1973 అక్టోబరు 6-7 రాత్రి లటాకియా సమీపాన సిరియా పడవలు అదే జాతి క్షిపణులను ప్రయోగించాయి, ఒక్కటీ తగలలేదు. ఆరేళ్ళ మధ్యకాలంలో ఇజ్రాయెల్ నావికులు రొదతో ముంచెత్తే జామింగ్‌నూ, చాఫ్‌నూ సాధన చేశారు. చాఫ్ అంటే లోహపు పూత పూసిన సన్నని గాజునారల మేఘం. ప్రతి నార పొడవూ శత్రు రాడార్ తరంగదైర్ఘ్యంలో సగం ఉండేలా కత్తిరిస్తారు. 3 సెంటీమీటర్ల తరంగానికి ఒకటిన్నర సెంటీమీటర్లు. అప్పుడు వెంట్రుక మందపు నార తన పరిమాణానికి మించిన పరావర్తనాన్ని ఇస్తుంది. రాకెట్‌తో విరజిమ్మిన లక్షల నారలు కలిసి క్షిపణి కంటికి ఓడలాగా కనబడతాయి. మన దేశంలో జోధ్‌పూర్ రక్షణ ప్రయోగశాల హ్రస్వ, మధ్యమ, దీర్ఘ దూరాలకు మూడు రకాల చాఫ్ రాకెట్లను రూపొందించిన సంగతిని 2021లో ప్రకటించారు.

చాఫ్ కంటే సూక్ష్మమైనది వంచక ప్రసారం. శత్రు స్పందాన్ని గ్రహించి, అంకెల రూపంలో స్మృతిలో భద్రపరచి, కొద్ది ఆలస్యంతో అదే స్పందాన్ని తిరిగి పంపుతారు. క్షిపణి రాడార్ తన లక్ష్యం చుట్టూ ఒక దూరకవాటాన్ని తెరిచి, అందులోంచి వచ్చిన ప్రతితరంగాన్నే అనుసరిస్తుంది. నకలు తరంగం మొదట అసలుపైనే పడి, బలం పుంజుకుని, ఆలస్యాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ ఆ కవాటాన్ని ఓడ నుంచి పక్కకు లాక్కుపోతుంది. తర్వాత హఠాత్తుగా ఆగిపోతుంది. క్షిపణి శూన్యాన్ని వెంబడిస్తుంది. స్వరక్షణ కోరే రాడార్ ఇందుకు ప్రతిగా స్పందం స్పందానికీ పౌనఃపున్యాన్ని మారుస్తుంది. నకలు తయారుచేసేవాడు గతం నుంచి నేర్చుకోవాలి కాబట్టి, భవిష్యత్తును ఊహించనీయకుండా చేయడమే రాడార్ రక్షణ.

రాడార్, సమాచార ప్రసారం, ఎలక్ట్రానిక్ యుద్ధతంత్రం అనే ఈ మూడు విద్యలూ ఒకదాని కాలు మరొకటి తొక్కితే ఏమవుతుందో 1982 మే 4న దక్షిణ అట్లాంటిక్‌లో తెలిసింది. ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ డిస్ట్రాయర్ షెఫీల్డ్ ముందు కాపలాలో ఉంది. అర్జెంటీనా సూపర్ ఎతాందార్ విమానాలు రెండు కెరటాల మీదుగా వచ్చి, ఒక్క క్షణం పైకి లేచి, తమ రాడార్‌ను తెరిచి, చెరొక ఎగ్జోసెట్ క్షిపణిని వదిలాయి. సమీపాననే ఉన్న గ్లాస్గో నౌక ఆ క్షణికమైన రాడార్ ఉద్గారాన్ని గ్రహించి హెచ్చరించింది. అదే రకం గ్రాహకం షెఫీల్డ్‌లోనూ ఉంది. కానీ ఆ సమయంలో షెఫీల్డ్ ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపుతోంది. స్వంత ప్రసారపు ప్రాబల్యంలో గ్రాహకం చెవిటిదైంది. ఒక క్షిపణి తగిలింది. ఇరవై మంది మరణించారు. ఆరు రోజుల తర్వాత ఓడ మునిగింది. ఆనాటి లోపాలు ఇదొక్కటే కాదు. నౌక సన్నద్ధతపై విచారణ సంఘం కఠినంగానే రాసింది. అయినా మన విషయానికి సంబంధించిన పాఠం సాంకేతికమైనది: ఒకే ఓడపై ఉన్న ప్రసారిణులూ గ్రాహకాలూ ఒకదానికొకటి శత్రువులు కాకుండా చూడడం రూపకల్పన తొలిరోజునే చేయవలసిన పని, చివర అతికించవలసిన మరమ్మతు కాదు. ఆధునిక నౌకలలో విద్యుదయస్కాంత సామరస్యం ఒక ప్రత్యేక శాస్త్రంగా ఎదగడానికి ఇటువంటి అనుభవాలే కారణం.

నాలుగవ ఘాతపు శాపానికి విరుగుడు లేదా? పాక్షికంగా ఉంది. స్వల్పకాలిక మహాశక్తికి బదులు, దీర్ఘకాలిక అల్పశక్తిని ఒక సంకేతక్రమంలో విస్తరించి పంపితే, ఆ క్రమం తెలిసిన స్వంత గ్రాహకం చెల్లాచెదురైన శక్తినంతా కూడగట్టుకోగలదు. తెలియని శత్రువుకు అది రొదలో కలిసిపోతుంది. సాధారణ నావిగేషన్ రాడార్ స్పందశక్తి కిలోవాట్లలో ఉంటే, 1980ల చివరలో ఐరోపాలో వచ్చిన పైలట్ అనే రాడార్ కేవలం 1 వాట్ నిరంతర తరంగంతో పనిచేసింది. సమాచార ప్రసారంలోనూ ఇదే బాట. పౌనఃపున్యాలను క్షణక్షణం మార్చడం, సన్నని కిరణంతో ఉపగ్రహం వైపు మాత్రమే పంపడం శత్రువు చెవిని తప్పించుకునే ఉపాయాలు. మన నౌకాదళానికి 2013 ఆగస్టులో ప్రయోగించిన జీశాట్-7 ఉపగ్రహం సేవలందిస్తూ వచ్చింది. దానికి వారసునిగా 4,410 కిలోల సీఎంఎస్-03 ఉపగ్రహాన్ని 2025 నవంబరు 2న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు.

జలాంతర్గామికి ఉపగ్రహం అందదు. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం. రాడార్ వాడే 10 సెంటీమీటర్ల తరంగం అందులో ఒక సెంటీమీటరు దాటకముందే క్షీణిస్తుంది. పౌనఃపున్యం తగ్గేకొద్దీ చొచ్చుకుపోయే లోతు పెరుగుతుంది. 18 కిలోహెర్ట్జ్ తరంగపు కంపన పరిమితి సముద్రజలంలో ప్రతి 1.9 మీటర్లకూ 37 శాతానికి తగ్గుతుంది. 10 మీటర్ల లోతున సుమారు 200వ వంతు మిగులుతుంది. సున్నితమైన గ్రాహకానికి అది చాలు. ఈ తరంగదైర్ఘ్యం 16 కిలోమీటర్లకు పైబడినది కనుక, భూమికీ అయనావరణానికీ మధ్య ఇరుక్కుని వేల కిలోమీటర్లు సాగుతుంది. అందుకే తీరానికి దూరాన, తెలంగాణ పీఠభూమిపై కూడా కేంద్రం పెట్టవచ్చు. అంత పొడవు తరంగానికి తగిన ఆంటెన్నా మానవసాధ్యం కాదు. వందల మీటర్ల స్తంభాలు కూడా దానికి మరుగుజ్జులే. విశాలమైన స్థలమూ, నేలలో పరచిన తీగల వలయమూ అందుకే కావాలి. పౌనఃపున్య విస్తృతి సన్ననిది కనుక మాటలు పంపలేరు, అక్షరాలే పంపాలి. పైగా ఇది ఏకముఖ మార్గం: జలాంతర్గామి వింటుంది, బదులు చెప్పదు. చెప్పాలంటే స్తంభాన్ని నీటిపైకి ఎత్తాలి. ఎత్తితే 1943 నాటి ప్రమాదమే మళ్ళీ ఎదురవుతుంది.

శత్రువు వింటాడని తెలిస్తే, అతనికి వినిపించవలసినదాన్ని మనమే ఎంచుకోవచ్చు. 1971 యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్ అండమాన్లలో ఉండగా, తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ చేత, విక్రాంతే మాట్లాడుతున్నట్లుగా రేడియో సందేశాలు పంపించి, విక్రాంత్ విశాఖ సమీపంలోనే ఉన్నట్లు నమ్మించారు. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3-4 రాత్రి విశాఖ వెలుపల మునిగిపోయింది. మునగడానికి కారణం డెప్త్ చార్జీలా, తన మందుపాతరలా అన్న వాదం ఇంకా తెగలేదు. దానిని విశాఖకు రప్పించడంలో ఆ సందేశాలు తమ పని చేశాయి.

హైదరాబాద్‌లోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధన ప్రయోగశాల, డీఎల్ఆర్ఎల్, 1960ల నుంచి ఎలక్ట్రానిక్ యుద్ధతంత్రంలో కృషి చేస్తోంది. ప్రత్యర్థి రాడార్లను గ్రహించి, వర్గీకరించి, జామ్ చేసేందుకు అది పెద్ద యుద్ధనౌకల కోసం రూపొందించిన శక్తి వ్యవస్థను 2021 నవంబరులో నౌకాదళానికి అప్పగించారు. తొలి వ్యవస్థ ఐఎన్ఎస్ విశాఖపట్నంపై అమరింది. నా దృష్టిలో ఇటువంటి వ్యవస్థలో ఆంటెన్నాల కంటే, ప్రసారిణుల కంటే ముఖ్యమైనది ఉద్గార గ్రంథాలయం. ఏ రాడార్ ఏ పౌనఃపున్యంలో, ఎంత స్పందవ్యవధితో, ఎంత విరామంతో పలుకుతుందో నమోదు చేసిన పట్టిక లేకపోతే, గ్రాహకం విన్నది మిత్రుని స్వరమో శత్రువు స్వరమో చెప్పలేదు. పరికరాలను అమ్మే దేశాలున్నాయి. తన గ్రంథాలయాన్ని పూర్తిగా అమ్మే దేశం లేదు. సముద్రంపై ఏళ్ళ తరబడి విని, రాసుకుని, సరిపోల్చుకోవడం ద్వారానే అది సమకూరుతుంది.

ఈ రంగంలోకి రాదలచిన మన ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక విన్నపం. సంభావ్యతా గణితాన్నీ, విద్యుదయస్కాంత సిద్ధాంతాన్నీ పరీక్ష గట్టెక్కడానికి మాత్రమే చదివి వదిలిపెట్టకండి. ఈ వ్యాసంలోని క్షితిజ సూత్రాన్ని తీసుకుని, స్తంభం ఎత్తును 25 నుంచి 36 మీటర్లకు పెంచితే నౌకకు అదనంగా ఎన్ని సెకన్లు దక్కుతాయో కాగితంపై మీరే లెక్కించండి.